మే నెలలో రాయాల్సిన నవంబరు వార్త

కోస్తాలో చెప్పకుండా వచ్చేది చాలా తక్కువ. కనుమ నాడు కోనసీమలో ప్రభలు లేస్తాయి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం కదులుతుంది. ఏప్రిల్ 15న సముద్రంలో వేట ఆగుతుంది, జూన్ 14 దాకా మరబోటు కదలదు. గోదావరికి ఎర్రనీరు తగిలాక పులస ఎదురెక్కుతుంది. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి తీరాలు స్నానాలకు వచ్చిన జనంతో నిండిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టకపోతేనే ఆశ్చర్యం. తేదీలు నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చు గానీ ఈ వరుస తప్పదు. ఇంత ముందుగా తెలిసిన ఏడాదిని మన స్థానిక వార్త మాత్రం జరిగిపోయాకే అందుకుంటోంది. పండగ అయ్యాక ఫొటో, తుపాను వెళ్లాక నష్టం లెక్క, తొక్కిసలాట జరిగాక విచారణ. పాఠకుడికి అక్కరకొచ్చే సమయం దాటిపోయాక అచ్చయ్యే వార్త రికార్డుగా మిగులుతుంది తప్ప, ఒక్క చేనునూ ఒక్క ప్రాణాన్నీ కాపాడలేదు.

కాల్వల సంగతి తీసుకుందాం, ఎందుకంటే డెల్టా బతుకంతా అక్కడే ఉంది. దాళ్వా కోతల సమయానికి, వేసవిలో, గోదావరి కాల్వలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకు నీరు వదిలేది జూన్‌లో. మధ్యలో దొరికే ఆ కొద్ది వారాలే పూడిక తీయడానికి, గుర్రపుడెక్క తొలగించడానికి, లాకుల తలుపులు బాగుచేయడానికి ఉన్న వ్యవధి. అంచనాలు కదిలి, ఆమోదం వచ్చి, టెండరు ఖరారై, పొక్లెయిన్ కాల్వలోకి దిగేసరికి ఆ వ్యవధిలో సగం కరిగిపోతుంది. హడావుడిలో తీసిన బురదను దూరం తరలించే తీరిక ఉండదు, గట్టు మీదే కుప్ప పోస్తారు. తొలకరి గట్టిగా రెండు జల్లులు కొట్టిందంటే ఆ కుప్పలో చాలా భాగం తిరిగి కాల్వలోకే జారుతుంది. మురుగు కాల్వల పరిస్థితి ఇంకా అన్యాయం. సాగునీటి కాల్వకైనా అడిగే రైతు ఉంటాడు. మురుగు కాల్వ గుర్తొచ్చేది చేను మునిగినప్పుడే.

డెల్టా నేల సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు. పొలంలో పడ్డ వాన సముద్రానికి చేరాలంటే కాల్వకు వాటం ఉండాలి, అడుగున పూడిక ఉండకూడదు, చివర సముద్రంలో కలిసే మొగ తెరిచి ఉండాలి. మొగ దగ్గర ఇసుక మేటవేస్తే, పోటు సమయంలో సముద్రం నీటిని వెనక్కి నెడుతుంది. మధ్యలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు కాల్వ గట్టును కొరుక్కుంటూ వచ్చిన చోట నీటికి దారే ఇరుకవుతుంది. ఇవన్నీ మే నెలలో కాలినడకన గట్టు వెంట వెళ్తే కంటికి కనిపించే విషయాలు. నవంబరులో ఇవేవీ కనపడవు, అప్పటికి అన్నిటి మీదా నీరే ఉంటుంది. కోతకొచ్చిన వరి మూడు నాలుగు రోజులు నీటిలో పడి ఉంటే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. అప్పుడు మన పేజీలో వచ్చే ఫొటో అందరికీ తెలిసిందే: మోకాలి లోతు నీటిలో మొలకెత్తిన కంకులు చేత్తో పట్టుకుని చూపిస్తున్న రైతు, పక్కన పరామర్శకు వచ్చిన నాయకుడు. ఆ రైతుకు మే నెలలో ఒక ఫొటో కావాల్సి ఉండింది. అందులో రైతు లేకపోయినా ఫరవాలేదు, పూడిన కాల్వ ఉంటే చాలు.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు తిరిగి చూసింది. గిట్టని ధర, పెరిగిన కూలి ఖర్చు, మురుగునీటి ముంపు అన్నీ కలిసి అంతదూరం తెచ్చాయి. పచ్చగా కళకళలాడే కోనసీమలో నాట్లు వేయబోమని రైతు అనడం ఒక్క రోజులో పుట్టిన మాట కాదు. ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో పేరుకున్న బురద అది. దాన్ని వేసవిలోనే వరసగా రాసి ఉంటే ఆ నిర్ణయం దాకా వెళ్లేది కాదని నా నమ్మకం.

ముందుగా చెప్పే మాట పనిచేస్తుందా అంటే, చేస్తుంది. మనం చూశాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెలకు ఎటు పరుగెత్తాలో చెప్పినవారు లేరు, పరుగెత్తినా ఎక్కి నిలబడే గట్టి కట్టడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసినప్పుడు కూడా చావులు వెయ్యి దాటాయి, కొబ్బరి తోటలకు తోటలే నేలకూలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. ఆస్తినష్టం అపారం, ప్రాణనష్టం మాత్రం మునుపటితో పోల్చలేనంత తక్కువ. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్, 2025 అక్టోబరులో నరసాపురం దగ్గర మొంథా తీరం దాటినప్పుడూ అంతే. వాతావరణ శాఖ రోజుల ముందు దారి చెప్పింది, తుపాను షెల్టర్లు ఉన్నాయి, పల్లెల్ని ఖాళీ చేయించారు, ఆ హెచ్చరికను పత్రికలు, టీవీలు, ఫోన్లు ఇంటింటికీ చేర్చాయి. ప్రాణాల విషయంలో ముందుగా మాట్లాడటం నేర్చుకున్నాం. పంట విషయంలో, బతుకుదెరువు విషయంలో, జాతర్ల విషయంలో ఆ విద్య ఇంకా రాలేదు.

దీనికి జిల్లా పేజీలను తిట్టిపోయడం న్యాయం కాదు. 1974 ఆగస్టులో ‘ఈనాడు’ హైదరాబాదులో కాక విశాఖపట్నంలో పుట్టడం, ఆ తర్వాత జిల్లా అనుబంధాలు రావడం, మిగతా పత్రికలూ ఆ దారి పట్టడం తెలుగు సమాజానికి జరిగిన మేలు. అంతకుముందు వరకు పత్రికలో పేరు చూసుకోవాలంటే మంత్రయినా కావాలి, నేరమైనా చేయాలి. జిల్లా అనుబంధం వచ్చాక ఊరి చెరువు, బడి, బోరింగు, తిరనాళ్లు వార్తలయ్యాయి. ఆ పని చేసింది మండల విలేకరులు. నెల జీతమంటూ లేకుండా, రాసిన వార్తకు లెక్కగట్టి ఇచ్చే కొద్ది మొత్తంతో, పైనుంచి ప్రకటనల లక్ష్యాన్ని మోస్తూ పనిచేసే మనుషులు వాళ్లు. అలాంటి మనిషిని కాల్వ గట్టు మీద పది కిలోమీటర్లు నడిచి రమ్మనాలంటే, నడిచొచ్చిన వార్తకు పేజీలో చోటుంటుందన్న భరోసా ముందు ఇవ్వాలి. సభలో ఎవరు దీపం వెలిగించారో రాస్తే తప్పనిసరిగా అచ్చవుతుంది, లాకు తలుపు తుప్పుపట్టిందని రాస్తే రేపటికి వాయిదా పడుతుంది అన్నప్పుడు, ఎవరైనా మొదటిదే రాస్తారు. తప్పు ఆ కేటాయింపులో ఉంది.

ఇంకో చిక్కు 2022 ఏప్రిల్ 4 నుంచి తోడయ్యింది. ఆ రోజున 13 జిల్లాలు 26 అయ్యాయి. పాలన దగ్గరైంది, మంచిదే. కానీ పేజీ కూడా జిల్లాతోపాటే చీలింది. పాత తూర్పు గోదావరి మైదాన ప్రాంతం ఇప్పుడు కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాల్లో ఉంది. నీటికి ఈ హద్దులు తెలియవు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర జరిగే నిర్ణయం ఒక జిల్లా పేజీలో వస్తే, దాని ఫలితం ఇంకో జిల్లా పేజీలో వస్తుంది. కారణమూ ఫలితమూ ఒకేచోట చదివే అవకాశం పాఠకుడికి లేదు. కనీసం డెల్టాకు, తీరానికి సంబంధించిన వార్తలనైనా జిల్లా గీత దాటి ఉమ్మడిగా వేయడం పెద్ద ఖర్చు కాదు.

ఇక పండగల దగ్గరికి వస్తాను. కనుమ నాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూసినవారికి అక్కడి క్రమం మరపురాదు. ఏకాదశ రుద్రులుగా కొలిచే పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద ఆ తోటకు చేరతారు. వెదురు వంచి కట్టిన ఎత్తైన చట్రం, దానికి చుట్టిన రంగురంగుల కొత్తబట్టలు, నెమలి పింఛాలు, వరికంకులు, గంటలు. దాన్ని బండెక్కించరు, భుజాల మీద మోస్తారు. చేల మీదుగా మోస్తారు. పంట తొక్కుడుపడినా తమ చేలోంచి స్వామి నడిచాడని రైతు సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే ఎగువ కౌశిక కాల్వలో దిగి, పీకల్లోతు నీటిలో కుర్రాళ్లు ‘శరభ శరభ’ అంటూ ఎత్తి పట్టుకుని అవతలి గట్టుకు చేరుస్తారు. ఊపిరి బిగబట్టి చూడాల్సిన ఘట్టం అది. ముందు భుజం ఎవరిది, వెనక తాడు ఎవరిది, నీటిలో అడుగు ఎక్కడ గట్టిగా ఉంటుంది, ఎవరు ఎప్పుడు మారాలి అన్నది తండ్రి చూపిస్తే కొడుకు నేర్చుకున్న సంగతి. అక్కడ జనం వేలల్లో ఉన్నా ప్రతి ఊరికీ తన పని ఉంది, ప్రతి భుజానికీ తన చోటు ఉంది. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభలే కదిలాయంటే ఆ గౌరవానికి అవి తగినవే.

అదే జనం క్యూలో నిలబడే భక్తులుగా మారిన చోట ఏం జరుగుతోందో 2025 ఒక్క ఏడాదిలో రెండుసార్లు చూశాం. ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు తెల్లవారకముందే వానకు, క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. నవంబరు 1న కాశీబుగ్గలో కార్తీక ఏకాదశి, శనివారం కలిసొచ్చి వెంకటేశ్వరస్వామి గుడికి జనం పోటెత్తితే, రాకపోకలకు ఒకే దారి ఉన్న చోట రెయిలింగ్ ఊడిపోయి తొమ్మిది మంది పోయారు. రెండూ పంచాంగంలో నెలల ముందే అచ్చయిన రోజులు. కొత్త గోడ ఉత్సవానికి కొద్ది రోజుల ముందు నుంచే కనపడుతూ ఉంది. ఒకే మెట్ల దారి గుడి తెరిచిన నాటి నుంచీ కనపడుతూనే ఉంది. ‘ఏర్పాట్లు పూర్తి’ అన్న వార్త మాత్రం ప్రతి జాతరకూ ముందురోజు వస్తుంది. అది అధికారి చెప్పిన మాటే తప్ప విలేకరి చూసింది కాదు. ఎన్ని దారులున్నాయి, వాటి వెడల్పెంత, గోడ కట్టిందెప్పుడు, పరీక్షించిందెవరు, అంబులెన్స్ ఎక్కడ నిలబడుతుంది, పోయినేడాది ఎంతమంది వచ్చారు – ఈ ఆరింటికి జవాబు లేకుండా ఆ శీర్షిక వేయకూడదని ప్రతి డెస్కూ నియమం పెట్టుకోవాలి.

ప్రభల తీర్థం గురించి ఒక మాట మిగిలింది. ఏటా జనవరి పేజీల్లో అందంగా కనిపించే ఆ కౌశిక, డెల్టా మురుగును మోసే డ్రెయిను కూడా. ప్రభ దాటే రోజున తప్ప మిగతా ఏడాదంతా దాని అవసరం చుట్టుపక్కల చేలది. కనుమ ఫొటో తీసినచోటే మే నెలలో నిలబడి మరో ఫొటో తీసి, రెండూ పక్కపక్కన వేస్తే అంతకంటే గొప్ప సంపాదకీయం నేను రాయలేను.

సముద్రం వైపు కూడా ఇదే లోటు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం. నిషేధం న్యాయమైనదే, ఇవాళ వల దింపకపోతేనే రేపటికి చేప. ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి ఇచ్చే భృతి 2019లో పదివేలైంది, 2025లో ఇరవై వేలైంది. ఏటా వార్త వచ్చేది డబ్బు జమచేసే సభ రోజున. అసలు వార్త అంతకు ముందు, నిషేధం మొదలైన తొలి రోజుల్లో, పడవలు ఒడ్డుకు చేరిన రేవుల్లో సిబ్బంది పేర్లు రాసుకుంటున్నప్పుడు ఉంది. ఏ పడవకు ఎందరు కళాసీలు, ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది జారింది అన్నది అప్పుడే తేలుతుంది. ఒకసారి జాబితా మూశాక పేరు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కథ రాసినా అతనికి కలిసొచ్చేది తక్కువ.

పైగా ఈ లెక్క పడవ ఎక్కేవారిదే. తెల్లవారుజామున రేవులో చేపలు వేలంలో పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడవాళ్లకు ఆ రెండు నెలలూ గంపలో వేసుకోవడానికి ఏమీ ఉండదు. ఎండబెట్టి దాచిన ఉప్పుచేప ఉన్నన్నాళ్లు అమ్ముతారు, ఆ తర్వాత అప్పు. ఐసు కొట్టేవారు, వలలు అల్లేవారు, బుట్టలు మోసేవారు కూడా అంతే. పడవ ఆగితే వీళ్ల పనీ ఆగుతుంది. నిషేధకాలపు భృతి చర్చలో వీళ్ల మాట వినిపించాలంటే మార్చి నెలలోనే పేజీలో చోటివ్వాలి.

శ్రీకాకుళం జిల్లాది మరో బాధ. 193 కిలోమీటర్ల తీరం ఉన్న ఆ జిల్లా నుంచి మత్స్యకారులు తరతరాలుగా గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోతున్నారు. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్, జులై నెలల్లో. అది ముగిశాక వెళ్తే తిరిగొచ్చేది మళ్లీ వేసవికే. అంటే ఇక్కడ ఏప్రిల్‌లో పేర్లు రాసుకునే నాటికి చాలామంది అక్కడ సముద్రంలో ఉంటారు. మన జాబితాలో వాళ్ల పేరుంటుందా, అక్కడి జాబితాలో ఉంటుందా, రెండింట్లోనూ ఉండదా? కె.మత్స్యలేశం వంటి ఊళ్లలో ఇది ప్రతి ఇంటి ప్రశ్న. 2018 నవంబరులో వేరావల్ నుంచి వెళ్లిన పడవలను పాకిస్తాన్ పట్టుకుంటేనే ఆ ఊళ్ల పేర్లు రాష్ట్రానికి తెలిశాయి. 2020 జనవరిలో 20 మంది విడుదలై వాఘా సరిహద్దు దాటి వచ్చినప్పుడు మళ్లీ రాశాం. ఆ కథ మీద సినిమా వచ్చినప్పుడు ఇంకోసారి రాశాం. ఏటా వర్షాకాలంలో రైలెక్కేటప్పుడు రాయలేదు. ఎందుకు వెళ్తున్నారు, ఇక్కడ పడవ నిలిపే జెట్టీ లేకనా, పెట్టుబడి లేకనా, ఇంటిదగ్గర మిగిలిన తల్లీ పిల్లలు ఎలా గడుపుతున్నారు అన్నది రైలెక్కే ముందు అడగాల్సిన సంగతి.

పులస గురించి ఎక్కువ చెప్పను. ప్రతి వానాకాలం యానాంలోనో రాజోలు వైపో ఒక చేప ఇన్ని వేలు పలికిందని వార్త వస్తుంది, జనం ఇష్టంగా చదువుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే నేలలో ఆ ఇష్టం సహజం. కానీ ఏటికేడు ధర పెరుగుతోందంటే చేప తరుగుతోందని అర్థం. గోదావరి మొగల్లో ఎలాంటి వలలు వేస్తున్నారు, పిల్లచేపను వదులుతున్నారా, ఎదురెక్కడానికి నీరు సరిగా వస్తోందా అన్న నాలుగు వాక్యాలు ఆ ధర కిందే రాయొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. ప్రతి కోస్తా జిల్లా డెస్కూ గోడకు ఒక క్యాలెండరు తగిలించుకుని, ప్రతి జాతరకూ, నిషేధానికీ, కోతకూ, తుపాను నెలకూ కనీసం అరవై రోజుల ముందు ఒక తేదీ రాసుకోవాలి. ఆ తేదీన విలేకరి వెళ్లి చూసి రావాలి. అదే తేదీ పంచాయతీకీ, దేవస్థానానికీ, నీటిపారుదల డివిజన్‌కూ చెప్పి, ఆ రోజు అడగబోతున్నామని తెలియజేస్తే ఇంకా మంచిది. చాలా పనులు ఆ భయానికే పూర్తవుతాయి.

అన్నిటికంటే పెద్ద తేదీ 2027లో ఉంది. జూన్ చివర్లో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. 2015 జులై 14న, పుష్కరాల తొలి ఉదయమే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది ప్రాణాలు పోయాయి. పక్కన విశాలమైన కోటిలింగాల రేవు ఉండగా జనమంతా ఒక్క ఘాట్‌కే ఎందుకు చేరారు, గేటు దగ్గర ఏం జరిగింది అన్నది విచారణ కమిషన్ వేసి తెలుసుకోవాల్సి వచ్చింది. ఈసారి అదంతా ముందే తెలుసుకోవచ్చు. ఏ ఘాట్‌కు ఎన్ని మెట్లు, దిగే దారి వేరు, ఎక్కే దారి వేరు ఉన్నాయా, రైలు దిగిన జనాన్ని ఎటు పంపుతారు, పనుల బిల్లులు కాక పనులు ఎంతవరకు వచ్చాయి – ఈ లెక్కను గోదావరి జిల్లాల పత్రికలు నెలనెలా ఒకే పట్టికగా వేయాలి. పాఠకులు కూడా తమ ఊరి రేవుకు వెళ్లి చూసి, కనిపించినదాన్ని తేదీ వేసి విలేకరికి రాసి పంపాలి. ఘాట్‌లో అడుగుపెట్టే జనానికి ఆ ఒక్క పట్టిక ముందే అందేలా చూడమని ప్రతి డెస్కుకూ, ప్రతి పాఠకుడికీ నా విన్నపం.